గెడ్డకు పురిటికెళ్లిన మోసు

కాశీ వెళ్లినవాళ్ళు చెంబులో గంగ పట్టుకొస్తారు. ఏజెన్సీ కొండలెక్కినవాళ్ళు పసుపో చింతపండో మూటగట్టుకొస్తారు. నేను మాత్రం ఇక్కణ్ణుంచే కుండెడు నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక చేపను మోసుకెళ్లి, ఖాళీ కుండతో తిరిగొచ్చాను. మాడుగుల దాటి నాలుగు అడుగులు వేసినవాడు కూడా యాత్ర రాస్తాడా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. బస్సులో నన్ను చూసి నవ్వినవాళ్ళతో పోలిస్తే మీరో లెక్క కాదు.

చోడవరం

చోడవరంలో నాకు సైకిళ్ళ కొట్టుంది. అద్దెకిస్తాను, పంక్చర్లు వేస్తాను. చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. మేష్టారు నన్ను వదులుకున్నారో, నేను మేష్టార్ని వదులుకున్నానో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు.

తొలకరి పడిన వారానికి మా మేనత్త పైడమ్మ కొట్టు ముందు దిగింది. ఆమెది గెడ్డవలస, మాడుగుల కొండల కింద, గెడ్డని మేం పిలిచే కొండవాగు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. మంచినీళ్ళైనా తాగకుండా అడిగింది.

"ఒరే సూరీ, నాకో మోసు కావాలిరా. గుడ్లతో ఉన్నది. బతికున్నది."

"పులుసుకా, వేపుడుకా అత్తా?"

"నీ నోట్లో మన్నెట్ట. పురిటికిరా."

గెడ్డవలసవాళ్ళ ఆచారం తెలియనివాళ్ళకి ఇది పిచ్చిమాటలా ఉంటుంది, కాబట్టి చెబుతాను. అక్కడివాళ్ళు తరతరాలుగా ఏటి వేట మీద బతికినవాళ్ళు. కొత్త నీరు దిగినప్పుడు కింద శారదా నదిలోంచి చేపలు గుడ్లు పెట్టడానికి గెడ్డలోకి ఎదురెక్కి వస్తాయి. అందరికంటే ముందు మోసు వస్తుంది. సన్నటి పొడుగాటి చేప, పొట్ట వెండిలా ఉంటుంది. గుడ్లతో మొదట వచ్చిన మోసును చేతుల్తో పట్టి, పసుపు రాసి, "పుట్టింటికొచ్చేవు తల్లీ, సుకంగా నీళ్ళాడు" అని వదిలేస్తారు. ఆ తరువాతే పల్లెలో ఎవరైనా వల తడపాలి. ఆడపిల్ల గడప తొక్కకముందే పొయ్యి వెలిగించి విందు వండుకోకూడదన్నట్టు.

ఆ పసుపు రాసే మనిషి మా సన్నాసి మావ, పైడమ్మత్త మొగుడు. ఆయన తాత రాశాడు, తండ్రి రాశాడు, ఈయన రాశాడు.

మూడేళ్ళ కిందట ఊరికి దిగువన గెడ్డకు అడ్డంగా రాతికట్ట లేచింది. మంచిదే. బీళ్ళన్నీ చెరుకుతోటలయ్యాయి. బెల్లం పెరిగింది. బెల్లం వండినవాళ్ళ పిల్లలకి సైకిల్ సరదా పెరిగింది, నా కొట్టులో సైకిళ్ళు రెండున్నవి ఆరయ్యాయి. ఆ కట్టను తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ చేపకు కట్ట ఎక్కడం రాదు. కట్ట కట్టిన మొదటి ఏడు చేపలన్నీ దాని కిందికొచ్చి రాళ్ళకు తలలు కొట్టుకుంటుంటే, నాలుగూళ్ళ జనం బుట్టల్తో తోడుకున్నారు. రెండో ఏడు చేతుల్తో ఏరుకున్నారు. మూడో ఏడు వెళ్లి, చూసి వచ్చేశారు.

"మరి మావ?" అన్నాను.

"మీ మావ వల తడపలేదురా. మొదటి మోసు రాలేదు గదా. మిగతావోళ్ళు వలలమ్మేసి సెరుకు నరకడానికి పోయేరు. ఈయన ఒడ్డున కూకుని వల బాగుసేస్తన్నాడు. ఎలకలు కొరికిన కన్నాలే గాని సేప సింపిన కన్నం ఒక్కటి లేదు. మాటలేదు, నవ్వులేదు. మనిషి ఎండిపోతన్నాడురా. నాను కూలికెళ్లి గంజి పోస్తన్నాను, అది కాదు నా బాద. నా మొగుడు నాకు కావాల."

అత్త ఏడవలేదు. అద్దెకివ్వాల్సిన సైకిల్ బెల్లును ఊరికే రెండుసార్లు మోగించింది. నేను కొట్టు మూసేశాను.

శారద ఒడ్డు

శారద దగ్గర వలేసే అప్పన్న నాకు పాత స్నేహితుడు. అతని సైకిల్‌కు నేను గాలి కొడతాను, అతను నాకు చేపల కబుర్లు కొడతాడు. రెండూ ఉచితమే.

గుడ్ల మోసు అనగానే అప్పన్న తల గోక్కున్నాడు. "ఇక్కడా ఎక్కడున్నాయిరా? పైన పుట్టకపోతే కిందకేటొస్తాయి? మా అయ్య ఒక వలకి బుట్ట నింపేవోడు. నాను రోజంతా ఇసిరితే కూరకొస్తన్నాయి."

పొద్దెక్కేదాకా విసిరాడు. పరిగెలు వచ్చాయి, జెల్లలు వచ్చాయి, ఎవరిదో పాత చెప్పు వచ్చింది. చివరికి మూరెడు మోసు ఒకటి పడింది. పొట్ట నిండుగా, తళతళలాడుతూ ఉంది. అత్త ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని దాని పొట్ట మీద వేలు రాసింది. "నెలలు నిండిపోయేయిరా" అంది, పక్కింటి చూలాలిని చూసి చెప్పినట్టు.

అప్పన్న దానికి డబ్బు పుచ్చుకోలేదు. పురిటికెళ్ళేదాన్ని అమ్మితే కళ్ళు పోతాయన్నాడు.

కుండ నేను తెచ్చాను. బెల్లం వండే మా బావ దగ్గర అడిగి తెచ్చిన పెద్ద మట్టికుండ. ఇసకేసి తోమాను, మూడు నీళ్ళు పోసి కడిగాను. చోడవరంలో పుట్టినవాడు మాత్రమే చేసే తెలివితక్కువ పని అదేనని అప్పుడు నాకు తట్టలేదు. మా ఊళ్ళో కుండంటే పాకం కుండే కదా.

బస్సు

కండక్టరు కుండలోకి తొంగిచూసి, "ఇదేటి?" అన్నాడు.

"గర్భిణీ బాబూ. కాస్త ముందు సీటియ్యి" అన్నాను.

"టిక్కెట్టో?"

"కడుపులో ఉన్నవాటిక్కూడా కొడతావేటి? లెక్కపెట్టగలిగితే కొట్టు."

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. చిల్లర దగ్గర కండక్టరుకీ ఒక ముసలాయనకీ అప్పటికే యుద్ధం నడుస్తోంది, అందువల్ల మా చేప టిక్కెట్టు లేకుండా గట్టెక్కింది.

కుండను ఎండుగడ్డి చుట్టలో పెట్టి, కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాను. ప్రతి గోతికీ కుండ ఒకసారి తుమ్మేది, నా పంచె తడిసేది. ఎదుటి సీటులో రోలుగుంట రైతొకడు, బలమైన మనిషి, చేప మీదినుంచి చూపు తిప్పడం లేదు.

"అమ్ముతారేటి?"

"అమ్మం."

"పొట్ట నిండా గుడ్లున్నాయి. ఉల్లిపాయేసి ఏపితే..." అని లొట్టలేశాడు.

అత్త ఆయన వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఆడపిల్లలున్నారా బాబూ?"

"ఉన్నారు. పెద్దది పురిటికే వచ్చింది."

"దాన్నీ అలాగే సూస్తన్నావా?"

బస్సంతా గొల్లుమంది. పాపం ఆయన మంచివాడు. సిగ్గుపడి నవ్వేసి, ఆ తరువాత గోతుల దగ్గర కుండను తనూ ఒక చేత్తో పట్టుకున్నాడు.

సగం దారిలో చేప తేలిపోయింది. మూతి పైకెత్తి గుటకలు మింగుతోంది. అత్త నీళ్ళు వేలితో ముట్టి నోట్లో వేసుకుని నా వైపు చూసింది. ఆ చూపు మా నాయనమ్మది.

"ఒరే సచ్చినోడా. తియ్యగున్నాయి."

ఎంత తోమినా కుండ గుండెల్లో పాకం ఉండిపోయింది. ఆ తీపి నీళ్ళు అప్పుడే పులుస్తున్నాయి. మట్టి వాసనతో పాటు కల్లు వాసన. మోసు పక్కకు వాలింది.

నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క విద్య. సంచిలోంచి సైకిల్ పంపు తీసి, దాని గొట్టం కుండలో పెట్టి గాలి కొట్టడం మొదలుపెట్టాను. బుడబుడమని నీళ్ళు ఉడికినట్టు లేచాయి. "సేపకి పంక్చరయిందేటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నా జీవితంలో జవాబివ్వని ఒకే ఒక్క వేళాకోళం అది. కొడుతూనే ఉన్నాను. కాసేపటికి మోసు తోక కదిపింది. రైతు నా చేతిలోంచి పంపు లాక్కుని, "నువ్వు అలిసిపోయేవు, ఇటియ్యి" అన్నాడు.

వడ్డాది

వడ్డాదిలో బస్సు ఆగడంతోనే కుండ పట్టుకుని దిగిపోయాం. దగ్గరలో ఉన్న పెంకుటింటి తలుపు కొట్టాం. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ వచ్చింది. పేరు మరియమ్మ, ఊళ్ళో పురుళ్ళు పోసే మంత్రసాని. దేవుడు పంపినట్టే ఉంది కదా అని అత్తతో అన్నాను. ఏ దేవుడో తేల్చుకునే టైము లేదు, నీళ్ళు తోడమంది అత్త.

మరియమ్మగారు నూతిలో నీళ్ళు తోడనివ్వలేదు. "నూతి నీళ్ళు సల్లగుంటాయమ్మా, ఒక్కసారి పోస్తే బిగుసుకుపోతాది" అని, తొట్టిలో ఎండకు నిలిచిన వాననీళ్ళు తెచ్చింది. తన ఇంటి సొంత కుండ ఇచ్చి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చేపను అందులోకి మార్చింది. మా పాకం కుండ ఆమె పెరట్లో ఉండిపోయింది. చేప తేరుకునేదాకా మాకు చోడి అంబలి పోసింది. మా ఇంట్లో అంబలిలో మజ్జిగ కలుపుతారు, ఆమె పచ్చి ఉల్లిపాయ నలిపేసింది. అప్పట్నుంచి నేనూ ఉల్లిపాయే వేసుకుంటున్నాను.

అత్త దిగులు అక్కడ బయటపడింది. "అదే ఎదురెక్కి రావాల గదా మరియమ్మా. బస్సులో తెచ్చినదాన్ని మా ఆయన ఒప్పుకుంటాడో లేదో."

"నువ్వు తొలిచూలికి పుట్టింటికి నడిసే ఎల్లేవా?"

"లేదమ్మా. ఎడ్లబండిలో."

"మరి దానికి బస్సు తప్పేటి?"

అత్త మొహం వెలిగింది. తరువాతి బస్సులో వడ్డాది నుంచి మాడుగుల వరకు ఆ మాటే నాకు నాలుగుసార్లు చెప్పింది, తనకే తట్టినట్టు.

మాడుగుల

మాడుగుల వెళ్లి హల్వా తినకుండా వచ్చినవాణ్ణి మా ఊళ్ళో మనిషిగా చూడరు. అత్త కుండ పక్కన కూర్చుంది. నేను కొట్టు దగ్గరికెళ్లాను. గోధుమపాల హల్వా, నెయ్యి అంచుల్లో మెరుస్తూ ఉంది. అత్తకు ముక్క ఇస్తే సగం తుంచి కొంగున కట్టుకుంది.

"ఎవరికత్తా?"

"ఎవరికేటి? ఉన్నాడు గదా ఒకడు ఒడ్డున."

మూడేళ్ళుగా మాట్లాడని మనిషి కోసం ఆమె అలా కొంగుముడి వేసుకోవడం చూసి, నా వాటా కూడా ఇచ్చేశాను. ఇచ్చాక కొంచెం బాధపడిన మాట నిజమే. హల్వా అలాంటిది.

అక్కణ్ణుంచి కాలినడక. కావిడికి ఒక పక్క చేపకుండ, ఇంకో పక్క బరువు సరితూగడానికి రాయి. మధ్యమధ్య ఆగి పంపు కొట్టడం. దారి పక్క పొలాల్లో నాగలి ఆపి మరీ చూశారు.

దారిలో ఆ కట్ట కనిపించింది. పైన నీళ్ళు నిండుగా, నిశ్చలంగా ఉన్నాయి. కింద రాళ్ళ మధ్య పాయలుగా జారుతున్నాయి. ఒక కొంగ రాయి మీద నిలబడి ఉంది. మేము చాలాసేపు చూశాం. అది ఒక్కసారి కూడా మెడ వంచలేదు.

గెడ్డవలస

చిన్నప్పుడు సెలవులకు ఇక్కడికి వచ్చేవాణ్ణి. ఈ పల్లెలో కూరేమిటని అడిగేవాళ్ళు కాదు, ఏ చేప అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అత్త ఇంటి చూరుకు సంతలో కొన్న ఎండుచేపలు వేలాడుతున్నాయి, సముద్రంవి.

మావ ఒడ్డునే ఉన్నాడు. ఒళ్ళో వల. నన్ను చూసి తలాడించాడు, మళ్ళీ ముడి వేసుకున్నాడు. అత్త కుండ ఆయన ముందు పెట్టింది.

ఆయన చూశాడు. వల పక్కన పెట్టాడు. రెండు చేతులూ కుండలో ముంచి, చేపను పైకెత్తకుండా నీళ్ళలోనే పట్టుకున్నాడు. బొటనవేలితో దాని పొట్ట తడిమాడు.

"ఎలాగొచ్చింది?" అన్నాడు. మూడేళ్ళ తరువాత వచ్చిన గొంతు, తలుపు కీచుమన్నట్టు వచ్చింది.

"బస్సులో" అన్నాను.

నేను అత్త వైపు చూశాను. అత్త ఎడ్లబండి మాటను నోట్లో సిద్ధంగా పెట్టుకుని నిలబడింది. చెప్పాల్సిన పని పడలేదు. "పసుపు తేయే" అన్నాడు మావ. ఆమె పరుగెత్తింది. ఆయన పసుపు రాశాడు, తాత మాటలు అన్నాడు. ఒడ్డు పక్కన రాళ్ళు పేర్చిన చిన్న మడుగులో దాన్ని వదిలాడు. అత్త కళ్ళు తుడుచుకుని నా వైపు గర్వంగా చూసింది. అంతలో మావ అడిగాడు.

"మగవేవీ?"

"ఏ మగవి?" అంది అత్త.

"దీని ఎనకాల తరుముకుంటా మూడో నాలుగో మగమోసులు రావాల గదే. ఇది గుడ్లు వదిలినప్పుడు అవి పాలు వదలాల. అవి లేకపోతే గుడ్లన్నీ వట్టివే. మురిగిపోతాయి."

ఇన్నేళ్ళూ చేపలమ్మి బతికిన మా అత్త నడుం మీద చెయ్యేసుకుంది. "నాకేటి తెలుసు? నాను ఎప్పుడైనా వలేసేనేటి? పురిటికొచ్చే ఆడపిల్ల మొగుణ్ణి కూడా ఎంటబెట్టుకొస్తాదా, సిగ్గులేకపోతే సరి! నాను నా పుట్టింటికి నిన్ను తీసుకెళ్ళేనా?"

మావ ఆమెను చూశాడు. మడుగును చూశాడు. ఆయన భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అని నేను ముందుకు వంగాను. నవ్వుతున్నాడు. శబ్దం రాని నవ్వు, కళ్ళలో నీళ్ళతో.

"అదీ నిజివే" అన్నాడు. "తప్పు నీది కాదే. మనోళ్ళు ఇన్నేళ్ళూ దానికొక్కదానికే పసుపు రాసేరు. ఎనకాలొచ్చినవోటిని ఎవరూ పలకరించనేలేదు."

తరువాత లేచి, వల తీసి భుజాన వేసుకున్నాడు. "పసుపయ్యింది. ఇంక వల తడపొచ్చు. పదరా అల్లుడా. ఎక్కడ దొరికింది ఇది?"

మళ్ళీ శారద

అత్తను మడుగు దగ్గర కాపలా పెట్టాం, చేతిలో కర్రతో. కొంగలకీ పిల్లలకీ ఒకే కర్ర.

మావ బస్సెక్కడం అదే మొదటిసారి. ఖాళీ కుండను ఒళ్ళో పెట్టుకుని, చోడవరం దాకా వల వాసన చూస్తూ కూర్చున్నాడు.

శారద ఒడ్డున అప్పన్న తన చోటు వదిలి పక్కకు జరిగాడు. మావ వల చేతికి చుట్టి నిలబడ్డాడు. మొదటి విసురు కండువా జారిపడినట్టు పడింది. అప్పన్న నోరు విప్పబోతే నేను కాలు తొక్కాను. రెండోసారి వల గాలిలో విచ్చుకుని గుండ్రంగా, నిండుగా పడింది. ఆ తడి చప్పుడుకు మావ కళ్ళు మూసుకున్నాడు.

పొద్దువాలేదాకా విసిరి, పడిన మోసులను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని పొట్ట కింద నొక్కి చూశాడు. తెల్లటి పాలు చుక్క కారినవే కుండలోకి. అలాంటివి మూడు దొరికాయి. మధ్యలో మంచి బలమైన గుడ్ల మోసు ఒకటి పడితే, "నువ్వు తోవ ఎతుక్కో తల్లీ" అని నీళ్ళలో వదిలేశాడు. "అయ్యో, నా కూర!" అని అప్పన్న నెత్తి పట్టుకున్నాడు గాని, ఆపలేదు.

ఆ పూట మా ఇంట్లో పడుకుని, మర్నాడు తొలి బస్సెక్కాం. కిటికీ పక్క సీటు మావకిస్తే కుండను అక్కడ పెట్టి, తను కింద కూర్చున్నాడు. దారి పొడుగునా పంపు ఆయనే కొట్టాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

గెడ్డ

మేం చేరేసరికి కొండ మీద వాన పడుతోంది. గెడ్డలో నీళ్ళు ఎర్రగా లేస్తున్నాయి. మడుగు రాళ్ళ మీదినుంచి పొర్లుతోంది. అత్త మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, చేప బయటికి పోకుండా రెండు చేతులూ అడ్డంపెట్టి ఉంది. ఎంతసేపట్నుంచి అలా ఉందో అడగలేదు.

"ఇంక ఆపలేనురా బాబూ, పుట్టింట్లో ఉండనంటంది!" అని అరిచింది.

మావ కుండతో సహా నీళ్ళలోకి దిగాడు. మగమోసులను ఒక్కొక్కటే వదిలాడు. ఒక్కోదానికీ పసుపు రాశాడు, ఆ పల్లెలో కనీవినీ ఎరగని పని. తరువాత ముగ్గురం కలిసి రాళ్ళు తీసేశాం. ఎర్రనీళ్ళలో వెండి పొట్ట ఒక్కసారి మెరిసింది. దాని వెనకే మూడు గీతలు పైకి, రెల్లుదుబ్బుల్లోకి సాగిపోయాయి.

అవి గుడ్లు పెట్టాయో, పిల్లలయ్యాయో నాకు తెలియదు. అయినా ఆ పిల్లలు పెద్దవై కిందికి దిగితే, మళ్ళీ పైకి రావడానికి కట్ట అక్కడే ఉంది. ఒక్క కుండతో ఏరు నిండదని నాలుగో తరగతివాడిక్కూడా తెలుసు. మావకూ తెలుసు.

తడిసిన వల ఒడ్డున రాయి మీద ఆరేసి ఉంది. చీకటి పడకముందే అత్త ఇంట్లోకి వెళ్లి అన్నం వార్చింది, ఎండుచేప కాల్చింది. కొంగుముడిలోని హల్వా ఆకులో పెట్టింది. గుమ్మంలోంచి కేకేసింది.

"ఏటయ్యా, వస్తన్నావా? అన్నం సల్లారిపోతంది."

మావ రెల్లుదుబ్బుల వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు.

"ఉండవే. కొత్త అల్లుళ్ళొచ్చేరు. ఇప్పుడే లేసొచ్చేస్తే బాగోదు."

అత్త ఒక క్షణం గుమ్మంలోనే నిలబడింది. అన్నం కంచం, హల్వా ఆకు రెండు చేతుల్లో పట్టుకుని ఒడ్డుకు నడిచొచ్చి, ఆయన పక్కన కూర్చుంది. కంచం ఇద్దరి మధ్యా పెట్టింది. నాకు వేరే పెట్టిందిలెండి, ఇంట్లో.